చెరువు ఎవరిది, అప్పు ఎవరిది?

చేపల సాగు దిగుబడి మీద సర్వే అనగానే అవే ప్రశ్నలు: రైతు వయసెంత, ఏం చదివాడు, ఎన్నేళ్ల అనుభవం, ఎన్ని ఎకరాలు? అడగాల్సినవే. కానీ కొల్లేరు పక్కన కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువు గట్ల మీద కాసేపు నిలబడితే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయనిపిస్తుంది. చెరువు ఎవరిది? మేత ఎవరి అప్పు మీద వస్తోంది?

మబ్బు పట్టిన రోజు, తెల్లవారుజామున 4 గంటలు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి బొచ్చె, శీలావతి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి. సొంత చెరువున్న ఆసామి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ స్విచ్ వేస్తాడు. కౌలుదారు డీజిల్ ఇంజిన్ కోసం పరుగెత్తుతాడు. రోగం ఇద్దరికీ తెలుసు, మందూ తెలుసు. రేపు ఉంటుందో పోతుందో తెలియని లీజు చెరువులో ఏరేటర్లకు డబ్బు ఎవరు పోస్తారు? దీన్ని 'అవగాహన లోపం' అని రాసేయడం నాకైతే అన్యాయంగానే తోస్తుంది.

అసలు తేడా చేపపిల్ల దగ్గరే మొదలవుతుంది. 150 గ్రాముల దాకా పెరిగిన పిల్ల వేస్తే చావులు తక్కువ, కిలో సైజు త్వరగా వస్తుంది. కానీ ఖరీదెక్కువ. చేతిలో డబ్బాడనివాడు చిన్న పిల్లే కొని, చచ్చేవి చావగా మిగులుతాయిలే అని నాలుగు ఎక్కువ వదులుతాడు. అన్నీ బతికితే చెరువు ఇరుకు, చస్తే నష్టం.

మేతదీ అదే వరస. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు, నూనెగింజల చెక్క నింపి నీళ్లలో వేలాడదీస్తారు. అరువు సాగినన్నాళ్లే ఆ సంచులు నిండుగా ఉంటాయి. అప్పిచ్చినవాడే సరుకు కొనేవాడైతే ఇంకేముంది, అతను తొందరపెట్టిన రోజే చేపల పట్టుబడి. ఇంకో రెండు నెలలు ఆగితే వచ్చే బరువు చెరువులోనే ఆగిపోతుంది.

చదువు అక్కర్లేదని కాదు. నీటి పరీక్ష చేయించేవాడికీ, షాపువాడు ఇచ్చిన మందల్లా చల్లేవాడికీ తేడా ఉంటుంది. 2018-19 బడ్జెట్‌లో కేంద్రం కిసాన్ క్రెడిట్ కార్డును చేపల సాగుకూ వర్తింపజేసింది. నోటిమాట కౌలుతో బ్యాంకుకెళితే మాత్రం ముందు కాగితం అడుగుతారు.

కొల్లేరులో 1970ల్లో ప్రభుత్వం మత్స్యకారుల సంఘాలకు చెరువులు తవ్వించి ఇచ్చింది. తర్వాత చాలాచోట్ల పెట్టుబడిదారులు లీజు పేరుతో వాటిలోకి దిగారు. కాగితం మీద సభ్యుడైనవాడే తన చెరువుకు కాపలా కూలీ అయ్యాడు. నీళ్ల రంగు చూసి రేపు చేప తేలుతుందో లేదో చెప్పగలిగేది అతనే. సర్వే ఫారంలో 'రైతు అనుభవం' అన్న గడిలో ఉండేది మాత్రం లీజుదారు సంవత్సరాలు.