ఫ్యాక్టరీ తిరిగొస్తే జీతం తిరిగొస్తుందా?

1936 డిసెంబర్ 30న మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో జనరల్ మోటార్స్ కార్మికులు మిషన్లు ఆపేసి, ఇంటికి పోకుండా ప్లాంటులోనే కూర్చున్నారు. కార్ల సీట్ల మీదే పడుకున్నారు. ఆడవాళ్లు కిటికీల్లోంచి తిండి అందించారు. గడ్డకట్టే చలిలో కంపెనీ హీటింగ్ ఆపేసింది, పోలీసులు బాష్పవాయువు వదిలారు. అయినా 44 రోజులు కదల్లేదు. బలగాలను పంపి ఖాళీ చేయించడానికి గవర్నర్ ఫ్రాంక్ మర్ఫీ ఒప్పుకోలేదు. చివరికి 1937 ఫిబ్రవరి 11న కంపెనీ దిగొచ్చి యునైటెడ్ ఆటో వర్కర్స్ యూనియన్‌ను గుర్తించింది.

అమెరికాలో ఫ్యాక్టరీలు తిరిగొస్తే మధ్యతరగతి కూడా కోలుకుంటుందని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ 44 రోజులు గుర్తొస్తాయి. ఎందుకంటే ఫ్లింట్‌లో ఫ్యాక్టరీలు అంతకుముందూ ఉన్నాయి. అవే మిషన్లు, అదే చాకిరీ. లేనిదల్లా నిలకడైన జీతం, రేపటి మీద ధీమా. 1914లో హెన్రీ ఫోర్డ్ రోజుకు 5 డాలర్లు ఇవ్వలేదా అని కొందరు అడుగుతారు. ఇచ్చాడు, నిజమే. కానీ అప్పటికి కార్మికులు వచ్చినవాళ్లు వచ్చినట్టే మానేస్తుంటే, వాళ్లను నిలుపుకోవడానికి ఇచ్చాడు. పైగా ఆ మొత్తం పూర్తిగా అందాలంటే కంపెనీ మనుషులు ఇంటికొచ్చి, బతుకు సక్రమంగా ఉందో లేదో చూసి ఓకే అనాలి. యజమాని ఇష్టం మీద వచ్చిన జీతం యజమాని ఇష్టం మీదే పోతుంది.

అసలు మలుపు 1950లో వచ్చింది. వాల్టర్ రూథర్ నాయకత్వంలో అదే ఆటో వర్కర్స్ యూనియన్ జనరల్ మోటార్స్‌తో ఐదేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. పింఛను, ఆరోగ్య బీమా, ఏటా పెంపు, దాంతోపాటు ధరలు పెరిగితే జీతం పెరిగే ఏర్పాటు. మన ఉద్యోగుల డీఏ లాంటిదే అది. కాలేజీ మొహం చూడని మనిషి ఇల్లు, కారు కొనుక్కుని, ఒక్క జీతంతో పిల్లలను చదివించుకోగలిగాడంటే దాని వెనుక ఇలాంటి కాగితాలున్నాయి.

తర్వాతి పతనం తెలిసిన కథే. 1979లో తయారీ రంగంలో దాదాపు 1.95 కోట్ల ఉద్యోగాలుండేవి. 2010 నాటికి అవి 1.15 కోట్లకు పడిపోయాయి. ఒహాయోలోని యంగ్స్‌టౌన్‌లో 1977 సెప్టెంబర్ 19న ఒక్క స్టీల్ కంపెనీ ప్రకటనతో 5,000 మంది బతుకులు తలకిందులయ్యాయి. యంత్రాలు కొన్ని ఉద్యోగాలను మింగాయి. 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక దిగుమతులు మరికొన్నింటిని మింగాయి.

మిగిలిన ఉద్యోగాలకు ఏమైందన్నది మాత్రం తక్కువ మంది మాట్లాడతారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. 2007లో యూనియన్‌తో చేసుకున్న ఒప్పందాల్లో జనరల్ మోటార్స్ లాంటి డెట్రాయిట్ కార్ల కంపెనీలు కొత్తగా చేరేవాళ్లకు వేరే జీతం పెట్టాయి. ఒకే లైన్‌లో పక్కపక్కన నిలబడి ఒకే పని చేసే ఇద్దరిలో పాతవాడికి గంటకు సుమారు 28 డాలర్లు, కొత్తవాడికి సుమారు 14. ప్లాంటు అక్కడే ఉంది, కార్లు వస్తూనే ఉన్నాయి, జీతం సగమైంది. 2018 నాటికి అమెరికా ఫ్యాక్టరీ కార్మికుడి సగటు గంట జీతం మొత్తం ప్రైవేటు రంగ కార్మికుల సగటు కంటే కిందికి జారింది. ఒకప్పుడు యూనియన్ కార్మికులు ముగ్గురిలో ఒకరు, ఇప్పుడు పదిమందిలో ఒకరు. ఈ రెండింటినీ విడదీసి చూడటం నా వల్ల కాదు.

ఇంజనీర్ల సంగతీ ఇంతే. డెట్రాయిట్ పక్కన నోవై, ట్రాయ్ లాంటి ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజుల్లోపే ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వేరే వీసా దారి చూసుకోవాలి. ఇల్లు లోన్‌లో, పిల్లలు స్కూల్లో, గ్రీన్ కార్డు లైన్ ఏళ్ల తరబడి. అంత టెన్షన్‌లో జీతం పెంచమని ఎవరు గట్టిగా అడగగలరు? ఈ వీసాకు చట్టం చెప్పే కనీస జీతంలో అట్టడుగు మెట్టు ఎంతంటే, ఆ ప్రాంతంలో అదే పని చేసే వందమంది జీతాలను వరుసగా పేరిస్తే కిందినుంచి 17వ మనిషిది. మన పిల్లలు జీతాలు దించేస్తున్నారని అమెరికన్ ఇంజనీర్లకు కోపం ఉంది. ఆ నియమం రాసింది మన పిల్లలు కారు.

2025లో స్టీల్ దిగుమతులపై సుంకాన్ని మొదట 25 శాతం, తర్వాత 50 శాతం చేశారు. సుంకం కొలిమిని కాపాడవచ్చు. ఆ కొలిమి ముందు నిలబడే మనిషికి గంటకెంత ఇవ్వాలో మాత్రం అందులో రాసి ఉండదు. 2023లో ఆరు వారాల సమ్మె చేశాకే డెట్రాయిట్ కార్మికులకు నాలుగున్నరేళ్లలో 25 శాతం పెంపు దక్కింది. 2007 నాటి రెండు రకాల జీతాల పద్ధతి చాలావరకు పోయింది. ధరలతో పాటు జీతం పెరిగే ఏర్పాటు మళ్లీ వచ్చింది.

కొత్త కార్ల ప్లాంట్లు చాలావరకు యూనియన్లు బలహీనంగా ఉన్న దక్షిణాది రాష్ట్రాల్లో వచ్చాయి. టెనెసీలోని చట్టనూగాలో ఫోక్స్‌వ్యాగన్ కార్మికులు 2014లో, 2019లో యూనియన్ వద్దని ఓటేశారు. 2024 ఏప్రిల్‌లో 73 శాతం మంది కావాలన్నారు. ఆ మరుసటి నెల అలబామాలోని మెర్సిడెస్ కార్మికులు ఓటేస్తే 56 శాతం మంది వద్దన్నారు.