పట్టేసిన ప్లగ్గు

(విజయవాడ, పటమట. మే నెల. పొద్దున్న ఏడింటికే చెమటలు. ఇంటి ముందు 2004 నాటి మారుతి 800, బానెట్ ఎత్తి ఉంది. ఆయన లుంగీ ఎగ్గట్టి ఇంజన్ మీదకి వంగి ఉన్నాడు. ఆవిడ చేతిలో రెండు ఖాళీ సంచులు.)

ఆవిడ: ఆరింటికల్లా బయల్దేరదామన్నారు. నున్న మార్కెట్లో మంచి మామిడికాయ ఈపాటికి ఎవరెవరి జాడీల్లోకో వెళ్ళిపోయుంటుంది.

ఆయన: ఐదు నిమిషాలు. రెండు స్పార్క్ ప్లగ్గులు వచ్చేశాయి. మూడోదే మొండికేసింది.

ఆవిడ: ఆ ఐదు నిమిషాలు ఐదున్నర నుంచీ అవుతూనే ఉన్నాయి.

ఆయన: ఇంజన్ మిస్ కొడుతోందే! మూడు సిలిండర్ల బండి రెండింటి మీద ఈడ్చుకుంటూ పోతోంది. ఫ్లైఓవర్ మీద ఆగితే నువ్వు తోస్తావా?

ఆవిడ: నిన్నే ఆటోనగర్ తీసుకెళ్ళమన్నాను. ఇక్కడ తుమ్మితే అక్కణ్ణుంచి చిరంజీవ అంటారు. ఊరూరి లారీలూ బాగుచేయించుకోవడానికి అక్కడికొస్తుంటే, పటమటలో ఇల్లు పెట్టుకుని మీరు మాత్రం వెళ్ళరు.

ఆయన: ప్లగ్ మార్చడానికి మెకానిక్కా? పరువు తక్కువ.

(పానా రాడ్డుకి ఒక పొడుగాటి పైపు తొడిగాడు.)

ఆవిడ: ఆ పైపు ఎక్కడిది?

ఆయన: దండెంది.

ఆవిడ: మరి బట్టలు?

ఆయన: కుర్చీలో ఉన్నాయి. కొన్ని.

ఆవిడ: ఆగండి, లాగకండి! అలా లాగితే విరిగి సగం లోపలుండిపోతుంది. విరక్కపోతే ప్లగ్ బిగిసే ఇంజన్ హెడ్డులో థ్రెడ్ మొత్తం ఊడొస్తుంది. అప్పుడు హెడ్డు విప్పి లేత్ షాపుకి మోయాలి.

ఆయన: నీకేం తెలుసు?

ఆవిడ: ప్లగ్ ఇనుము, హెడ్డు అల్యూమినియం. ఇనప గరిటెతో గీకితే అరిగేది గిన్నే గానీ గరిటె కాదుగా!

(ఆయన దగ్గర జవాబు లేదు. కండువాతో మెడ తుడుచుకున్నాడు. ఆవిడ వంగి వాసన చూసింది.)

ఆవిడ: ఏవండీ, ఇదేం నూనె?

ఆయన: గట్టు మీదుంటే తెచ్చాను.

ఆవిడ: గానుగ నూనె! ఆవకాయకని తెచ్చింది! ఎంత పోశారు?

ఆయన: రెండు చెంచాలు.

ఆవిడ: సీసా సగానికొచ్చింది.

ఆయన: పోస్తే జారిపోయింది. జారిపోతే మళ్ళీ పోశాను.

(ఇక్కడ ఆయన్ని వెనకేసుకురావడం నావల్ల కాదు.)

ఆవిడ: చిక్కటి నూనె థ్రెడ్ సందుల్లోకి దిగుతుందా? పైగా వేడికి జిగురు కడుతుంది. బాణలి అంచు ఎప్పుడైనా తోమితే తెలిసేది. పల్చటిది కావాలి. ఉండండి, అటక మీద స్టవ్వు రోజుల నాటి కిరసనాయిలు సీసా ఒకటుంది.

(సీసా వచ్చింది. ఆయన నూనె తుడిచినంత తుడిచాడు. ఆవిడ ప్లగ్ మొదట్లో చుక్కలు చుక్కలుగా వేసింది. కాఫీ తాగారు. ఆయన గ్లాసు కింద పెట్టి పానా అందుకున్నాడు, పైపు లేకుండా.)

ఆవిడ: కొంచెం కదిలిందా? ఇప్పుడు బిగించండి.

ఆయన: విప్పుతుంటే బిగించమంటావేంటి!

ఆవిడ: బీరువా తాళం పట్టేస్తే ఏం చేస్తాం? అటూ ఇటూ ఆడిస్తాం. కొంచెం విప్పండి, కొంచెం బిగించండి, ఇంకో చుక్క వేయండి.

(కిర్ర్... కిర్ర్... పది నిమిషాలు అదే చప్పుడు. తర్వాత పానా ఒక్కసారిగా తేలికైంది. ప్లగ్ బయటికొచ్చింది. కొసన నల్లటి మసి, థ్రెడ్ మధ్య గోధుమరంగు ముద్ద, అక్కడక్కడా వెండి పొడిలా అల్యూమినియం.)

ఆయన: చూశావా, ఊడొచ్చేదే! ఏ దరిద్రుడు బిగించాడో గానీ...

ఆవిడ: 2020, లాక్‌డౌన్. టార్చి పట్టుకున్నది నేనే. చాలండీ అంటే, లూజుగా ఉంటే కంప్రెషన్ పోతుందని ఇదే పైపు తొడిగి, కాలు బంపర్‌కి తన్నిపెట్టి మరీ లాగారు.

ఆయన: ...నువ్వు టార్చి సరిగ్గా పట్టలేదు.

(కొత్త ప్లగ్ తీశాడు. చెయ్యి దానంతటదే పైపు వైపు వెళ్ళింది.)

ఆవిడ: ఆ చెయ్యి ఇటు తీయండి. ముందు వేళ్ళతో తిప్పండి. వాషర్ ఆనాక పానాతో అర తిప్పు. అంతే.

ఆయన: అర తిప్పుతో ఆగుతుందా?

ఆవిడ: ఆ డబ్బా మీదే బొమ్మేసి మరీ చెప్పాడు. కళ్ళద్దాలు పెట్టుకోండి.

(మూడు ప్లగ్గులూ ఎక్కాయి. తాళం తిప్పగానే బండి అందుకుంది. మూడు సిలిండర్లూ కొడుతున్నాయి. ఆయన మీసం మీదకి చెయ్యి వెళ్ళింది. ఈలోగా ఇంజన్ కాగింది. బానెట్ కింద నుంచి సన్నగా పొగ, కమ్మటి వాసన. మేడ మీద కిటికీ తెరుచుకుంది.)

పైవాటా ఆవిడ: వదినగారూ! అప్పుడే ఆవకాయ పెట్టేస్తున్నారా? నూనె వాసన ఇక్కడిదాకా వస్తోంది!

ఆవిడ: మీ అన్నయ్యగారు పెడుతున్నారండీ. (ఆయన వైపు తిరిగి) కారు ముందు గానుగ దగ్గరికి పోనివ్వండి.