శ్వాస మీద ధ్యాస సరే, మాత్రలెందుకు మాన్పిస్తారు?

ఈ వారంలో అదే మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. పదకొండేళ్లుగా రోజూ పొద్దున్నే శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చుంటున్నాను కదా, నాకు నచ్చుతుందనుకుని పంపుతున్నారు. నచ్చలేదు, ఒళ్లు మండింది.

అందులో ఉన్నది ఇదీ: రోజూ ఇరవై నిమిషాలు గట్టిగా ఊపిరి పీలిస్తే మెదడుకు రెట్టింపు ఆక్సిజన్ అందుతుంది, ఆలోచనలు ఆగిపోతాయి. నిమిషం పాటు ఊపిరి బిగబట్టగలిగితే గుండె, ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నట్టే. నలభై రోజులు చేస్తే బీపీ, ఆస్తమా మందులు మానేయొచ్చు.

రెట్టింపు ఆక్సిజన్ సంగతి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో ఆక్సిజన్ మామూలుగానే 95 నుంచి 100 శాతం దాకా ఉంటుంది. నిండిన బిందెలో ఇంకో బిందెడు ఎక్కడ పోస్తారు? పైగా గబగబా గట్టిగా పీల్చి వదులుతుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడులోని రక్తనాళాలు సన్నబడతాయి, అక్కడికి వెళ్లే రక్తమే తగ్గుతుంది. వేళ్లు తిమ్మిరెక్కేదీ, తల తిరిగేదీ అందుకే. ఆ తిమ్మిరిని పట్టుకుని ‘శక్తి ప్రవాహం’ అని రాశారు.

ఊపిరి బిగబట్టే పరీక్ష 2020లో కరోనా పేరుతో తిరిగిందే. అప్పుడు పది సెకన్లన్నారు, అది పరీక్షే కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇప్పుడు నిమిషం చేశారు, అంతే తేడా.

ఆలోచనలు ఆగిపోతాయట! ఈ మాట నమ్మి ఎంతమంది నాలుగు రోజులు కూర్చుని, ‘నా వల్ల కాదు’ అని లేచిపోయారో. ఇవాళ పొద్దున నా సంగతే చెబుతాను. ముక్కు కొసన చల్లగా తగిలే గాలిని గమనిస్తున్నాను. మూడో ఊపిరికే నిన్న ఆఫీసులో పడ్డ మాట గుర్తొచ్చింది, దవడ బిగుసుకుంది. బిగుసుకుందని తెలిసింది. మళ్లీ ముక్కు కొసకు వచ్చాను. ఆ తెలియడం, ఆ తిరిగి రావడం, సాధనంటే అదే. బుద్ధుడు ధ్యానం గురించి చెప్పిన సతిపట్ఠాన సుత్తంలోనూ ఊపిరి దీర్ఘమైతే దీర్ఘమని, పొట్టిదైతే పొట్టిదని తెలుసుకోమనే ఉంది.

ఇక మందులు. మా పిన్ని ఈ మెసేజ్ చదివి బీపీ మాత్రల షీటు సొరుగులో పడేసింది. ఎవరికీ చెప్పలేదు. పంతొమ్మిదో రోజున తలనొప్పిగా ఉందంటే మిషన్ పెట్టి చూశాను: 182/110. చేతులు వణికాయి నాకు. ఆ మెసేజ్ రాసినవాళ్లకి ఏం తెలుసు పిన్ని గురించి? ఆస్తమా వాళ్లనూ వదల్లేదు. దాడి వచ్చినప్పుడు శ్వాసనాళాల కండరాలు బిగుసుకుంటాయి, లోపలి పొర వాస్తుంది. ఆ బిగువు వదలడానికే ఇన్‌హేలర్. గాలి ఆడని మనిషిని కూర్చోబెట్టి ఊపిరి గమనించమంటారా? 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రవేత్త ఈ సాధనను రోగులకు నేర్పడం మొదలుపెట్టింది కూడా వైద్యంతో పాటే, వైద్యానికి బదులుగా కాదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నిమిషానికి ఆరేడుసార్లు, నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం అలవాటైతే బీపీ కొద్దిగా తగ్గే మాట నిజమే. ఆ మెసేజ్‌లోనే చివర ఒక వాక్యం ఉంది: ‘ఫోన్ మోగగానే ఎత్తకండి, ఒక ఊపిరి పూర్తిగా వదిలాక ఎత్తండి’ అని. ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. మూడు రోజులుగా చేస్తున్నాను, నిన్న అమ్మతో విసుక్కోకుండా మాట్లాడాను.

ఆ ఒక్క వాక్యం ఉంచుకుని మిగతాదంతా తీసేయండి. ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే వాళ్లకి ఇవాళే ఫోన్ చేసి, మాత్రలు వేసుకుంటున్నారో లేదో అడగండి.