బోర్డు పోయిందట మేడమ్!

ఇప్పుడే వెళ్లాడు ఆ సర్వీసు కుర్రాడు. నా బీపీ ఇంకా దిగలేదు. నాలుగేళ్లు నిండని వాషింగ్ మెషిన్ ముందు రెండు నిమిషాలు గొంతుక్కూర్చుని, మూడు బటన్లు నొక్కి, "బోర్డు పోయింది మేడమ్, ఎనిమిది వేల ఆరొందలు" అన్నాడు. వచ్చి చూసినందుకు ఇంకో నాలుగొందల యాభై. మోటారు మాత్రం భేషుగ్గా ఉందటండీ. దానికి పదేళ్ల గ్యారంటీ కదా, అందుకని అది పోదు. గ్యారంటీ లేనిది మెషినుని నడిపించే ఆ ఎలక్ట్రానిక్ బోర్డుకే, కాబట్టి అదే పోయింది. ఎంత బుద్ధిమంతురాలో చూడండి నా మెషిను, ఏది ఎప్పుడు పోవాలో దానికి బాగా తెలుసు.

"బాగుచెయ్యడం కుదరదా బాబూ" అంటే ఊడదీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద జిగురు లాంటిదేదో పోసి గడ్డకట్టించారు. తడి తగలకుండానట. తడి సంగతి దేవుడెరుగు, స్క్రూడ్రైవరు మాత్రం జన్మలో తగలదు. పైగా వైర్లు గుచ్చే చోట రెండు చచ్చిన చీమలు కనిపించాయి. "ఇదిగో మేడమ్, ఇది కస్టమర్ సైడ్ ప్రాబ్లమ్" అన్నాడు. చీమలు నా తరఫువట! నేనే కూర్చోబెట్టి పంచదార పోసి పెంచానన్నట్టు.

వెళ్తూ వెళ్తూ "ఐదు స్టార్లు ఇవ్వండి మేడమ్" అని మాత్రం మర్చిపోలేదు.

ముందే చెప్తున్నా, యాంటెన్నా తిప్పాం, పెన్సిల్‌తో క్యాసెట్ చుట్టాం, ఆ రోజులే వేరు అనే వాట్సాప్ ఏడుపు కాదు నాది. వత్తుల స్టవ్వు మసి తోమినదాన్ని, పాత రోజుల సుఖం నాకెవరూ చెప్పక్కర్లేదు. నా గోల వేరు. మా తణుకు ఇంట్లో ఒక రేడియో ఉండేది. దాని వెనక అట్ట విప్పితే లోపలి వైపు సర్క్యూట్ బొమ్మ అంటించి ఉండేది. తయారుచేసినవాడే బొమ్మ గీసి మరీ పెట్టాడండీ, విప్పుకో నాయనా, ఏ తీగ ఎక్కడికెళ్తుందో చూసుకో అని. ఇప్పుడో? స్క్రూ మీద స్టిక్కరు. అది చిరిగితే వారంటీ గోవిందా.

అమ్మ సుమీత్ మిక్సీ సంగతే తీసుకోండి. ఆ మిక్సీ పుట్టిందే మరమ్మతు గొడవలో. మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో జర్మనీ మిక్సీ మన రుబ్బుళ్లకి తట్టుకోలేక కాలిపోతే, ఆయనే మన పప్పులకి తగ్గ మోటారు తయారుచేశాడు. (ఈ కాలం ఇంజనీర్ల ఇళ్లలో ఏవీ పాడవ్వవు కాబోలు.) అమ్మ దగ్గర అది పాతికేళ్ల పైన తిరిగింది. కార్బన్‌లు అరిగితే కార్బన్‌లు, కింద రబ్బరు కప్లరు తెగితే కప్లరు. ఒకసారి మోటారు కాలితే బజార్లో రాగి తీగ చుట్టించి తెచ్చాడు నాన్న. బోర్డు అనే మాటే లేదు ఆ ఇంట్లో, మా తమ్ముడి క్యారమ్ బోర్డు తప్ప.

తమ్ముడంటే గుర్తొచ్చింది. అసలు మంట అక్కడుంది.

నాన్నది ఎరువుల కొట్టు. 1987లో సెకండ్ హ్యాండ్‌లో ఫియట్ కొన్నాడు, ప్రీమియర్ పద్మిని. అప్పటికే 800 సీసీ మారుతి వచ్చి నాలుగేళ్లయింది, ఊళ్లో డాక్టర్లు దాని వెనక పడ్డారు. నాన్న మాత్రం "అగ్గిపెట్టెలో నేను కూర్చోను" అన్నాడు. బొంబాయి కుర్లాలో తయారైన బండి, 1089 సీసీ ఇంజను, ముందు సీటు అటు చివర నుంచి ఇటు చివర దాకా ఒకటే బెంచీ. గేరు కింద కాదు, స్టీరింగు పక్కనే రాడ్డు. ముందు తలుపు అద్దానికి ఆనుకుని ఇంకో చిన్న మూడు మూలల అద్దం ఉండేది. దాన్ని బయటికి తిప్పితే గాలి నేరుగా మొహానికి కొట్టేది. ఏసీ ఎవడికి కావాలి? సరే, కావాలి. ఒప్పుకుంటాను. మే నెలలో రావులపాలెం వెళ్లేటప్పుడు చచ్చినట్టు కావాలి.

ఎందుకంటే మే నెలలో ఆ బండి నడిరోడ్డు మీద ఆగిపోయేది. ఇంజను వేడికి పంపులో పెట్రోలు ఆవిరైపోయి కార్బురేటర్‌కి అందేది కాదు. నాన్న కంగారు పడేవాడా? బానెట్ ఎత్తి, మెళ్లో తువ్వాలు తీసి, నాకిచ్చేవాడు. నేను గట్టు దిగి కాలవలో ముంచి, పిండకుండా తెచ్చిచ్చేదాన్ని. అది పెట్రోలు పంపు మీద కప్పితే చుయ్‌మని పొగ లేచేది. ఐదు నిమిషాలు చెట్టుకింద నిలబడి తాటి ముంజెలు తింటే బండి మళ్లీ బయల్దేరేది. ఖర్చు తువ్వాలు తడిపినంత. ఎనిమిది వేల ఆరొందలు కాదు.

మా మెకానిక్ షెడ్డు మేస్త్రి ఇంకా ఘనుడు. స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టే. "టాపెట్లండీ" అనేవాడు, అంటే చప్పుడు ఇంజను వాల్వుల దగ్గరని. లేదా ఇంజనుకి నిప్పురవ్వ అందించే పాయింట్లు ఊడదీసి గరుకు కాగితంతో రెండుసార్లు రుద్ది "కొట్టమ్మా సెల్ఫు" అనేవాడు. కొట్టమ్మా అన్నది నన్నే. నేను నేర్చుకున్నది ఆ బండి మీదే. ఆడపిల్లకి స్టీరింగేవిటని అమ్మ గింజుకుంటుంటే నాన్న వినలేదు. రోడ్డంతా ధాన్యం ఆరబోసి ఉంటే వడ్ల మీదకి చక్రం ఎక్కకుండా ఎలా తిప్పాలో పక్కన కూర్చుని చెప్పాడు. బెంచీ సీటు కదా, నేను బెదిరితే ఆయన కాలు ఇటు చాపి బ్రేకు తొక్కేవాడు. ఇప్పుడు నా కారు లైను దాటితే కీచుమని అరుస్తుంది. కాలు చాపదు.

మా తమ్ముడికి ఆ బండంటే సిగ్గు. కాలేజీ గేటుకి అర కిలోమీటరు ముందే దిగిపోయేవాడు.

2019లో నాన్న పోయాడు. బండి కొట్టు వెనక రేకుల షెడ్డులో ఉండిపోయింది. 2022 వేసవిలో తమ్ముడు దాన్ని తుక్కుకి అమ్మేశాడు. ఎంతకో తెలుసా? పంతొమ్మిది వేలకి. నాకు తెలిసింది రెండు నెలల తర్వాత, అదీ మరదలు నోరు జారితే. అడిగితే "అక్కా, ఆ ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారుకి రీరిజిస్ట్రేషన్ ఫీజు 600 నుంచి 5,000 చేశారు, మళ్లీ ఐదేళ్లకోసారి కట్టాలి" అని లెక్క చెప్పాడు. అయిదు వేలు! వాడి కొడుకు క్రికెట్ బూట్లు ఏడు వేలు. నన్ను అడిగితే నేను కట్టేదాన్ని కాదా? అడగడు. కొట్టు, ఇల్లు, రేకుల షెడ్డు, అందులో ఉన్నది మొత్తం కొడుకుదే కదా. కూతురు పెళ్లైపోయి కూకట్‌పల్లిలో బోర్డులు మార్పించుకుంటూ బతుకుతోంది, దానికెందుకు?

అదీ పోనీ అనుకున్నాను. మింగేశాను. 2023 అక్టోబరులో ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీ ఆగిపోయిందని వార్త వచ్చింది చూడండి, ఆ రోజు మా తమ్ముడు పోస్టు పెట్టాడు. పసుపూ నలుపూ టాక్సీ ఫొటో. కింద "నాన్నగారి జ్ఞాపకాలు" అని, కన్నీళ్ల బొమ్మలు మూడు. నూట నలభై మంది ఓదార్చారు వాణ్ణి! ఒకాయనైతే "మీలాంటి కొడుకులు అరుదు" అని రాశాడు. నిజమే, చాలా అరుదు.

ఆ రోజు ఏమీ అనలేదు నేను. ఇవాళ ఆ జిగురు పూసిన బోర్డు చేతిలో పట్టుకుంటే పొంగుకొచ్చింది. ఎందుకో అడక్కండి, మెషినుకీ మా తమ్ముడికీ సంబంధం ఏంటో నాకూ తెలీదు. బట్టలు ఇంకా సబ్బునీళ్లలోనే ఉన్నాయి. ఆ కుర్రాడు కింది గొట్టం లాగి నీళ్లు వదిలి తలుపు మాత్రం తెరిచి వెళ్లాడు, ఆ పుణ్యం కట్టుకున్నాడు. మా ఆయన ప్యాంట్లు నాలుగు, దుప్పటి ఒకటి. చేత్తో పిండాలి.

ఒరేయ్ తమ్ముడూ, ఇది చదువుతావని తెలుసు. లైక్ కొట్టి తప్పించుకోకు. ఆ తుక్కు షాపువాడి నంబరు కింద పెట్టు. బండి ఉంటుందన్న ఆశ నాకు లేదు. ఆ మూడు మూలల అద్దం, డ్రైవరు వైపుది, ఎవడైనా పక్కన పెట్టాడేమో అడుగుతాను.