స్పేస్‌బార్ రెండుసార్లు నొక్కిన పాపానికి

మహారాజశ్రీ మెనూకాన్ఫిగ్ గారి దివ్యసముఖానికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం, నా ల్యాప్‌టాప్ క్షేమం. బల్ల మీదున్న బీగుల్‌బోన్ బ్లాక్ అనే బుల్లి కంప్యూటర్ బోర్డు సంగతి మాత్రం చెప్పలేను. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి దాని మొదటి నీలి లైటు గుండె కొట్టుకున్నట్టు మినుకుమంటూనే ఉంది, మనిషి మాత్రం కళ్ళు తెరవడం లేదు. లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఏది ఉండాలో ఏది వద్దో ఎంచుకునే మెనూ కదా తమరు, ఎప్పట్లాగే నీలి తెర మీద బూడిదరంగు పెట్టె పరుచుకుని కులాసాగా ఉంటారని తెలుసు. తమరికేం? బూట్ కావలసింది తమరు కాదు కదా.

రేపు పొద్దున డెమో. మా పెట్టె ఆన్ చేశాక తెర మీద బొమ్మ పడడానికి 13 సెకన్లు పడుతోంది. క్లయింటుకి అది నచ్చలేదు. పరికరాల్ని నడిపే డ్రైవర్లలో అక్కర్లేనివి పీకేస్తే కెర్నెల్ సన్నబడుతుంది, సన్నబడితే త్వరగా లేస్తుంది అని మీటింగులో నోరు జారింది నేనే. 2013లో వచ్చిన బోర్డు, 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ మెమరీ. దాన్ని పరిగెత్తించాలంటే ముందు బరువు దించాలి. ఆదివారం కదా, అరగంట పనే కదా అని చెప్పి కూర్చున్నాను. వంటింట్లో గుత్తివంకాయ వేగుతున్న వాసన వస్తోంది. ఆ వాసన ఎందుకు గుర్తుందంటే, ఆ కూర నేను వేడిగా తినలేదు.

అసలు మీ దర్శనమే దుర్లభం. పిలవగానే, టెర్మినల్ కిటికీ చిన్నదిగా ఉంది, కనీసం 19 వరసలు, 80 నిలువు గళ్ళు ఉంటే తప్ప పని జరగదు అని గుమ్మంలోనే ఆపేశారు. పంచె కట్టుకు రాకపోతే లోపలికి వదలని గుళ్ళోలాగా. సరే, కిటికీ పెద్దది చేసుకుని మళ్ళీ వచ్చాను.

1991లో లైనస్ టార్వాల్డ్స్ ఈ కెర్నెల్ గురించి మొదటిసారి చెబుతూ, ఇది సరదాకి రాసుకుంటున్నదే, పెద్దదేమీ కాబోదు అన్నాడు. ఇవాళ మీ కడుపులో పదివేలకు పైగా ఆప్షన్లున్నాయి. ఆమిగా అనే పాతకాలం కంప్యూటర్ల డిస్కు పార్టిషన్లు చదవాలా అని అడుగుతారు. అటారీవి చదవాలా అని అడుగుతారు. నా బోర్డు ఆధార్ కార్డంత ఉంటుందండీ. అటారీ డిస్కు తెచ్చి దానికి ఎక్కడ తగిలించమంటారు? పక్కన హెల్ప్ అనే బటనొకటి. నొక్కితే, ఫలానా చిప్ సపోర్ట్ కావాలంటే వై అనండి అని ఉంటుంది. మీ ఊరెక్కడ అంటే మా ఊళ్ళోనే అన్నట్టు. చివర్లో ఇంకో కొసరు: అనుమానంగా ఉంటే ఎన్ అనండి. అనుమానం లేనివాడు హెల్ప్ ఎందుకు నొక్కుతాడు స్వామీ?

ఇవన్నీ పాత గొడవలు, ఎప్పుడో అలవాటైపోయాయి. ఇవాళ్టి నేరం వేరు.

అది జరిగింది డివైస్ డ్రైవర్స్ మెనూలో. మా డాట్ కాన్ఫిగ్, అంటే మీకు చెప్పిన జవాబులన్నీ రాసుండే ఫైలు, ఎవరో ఎప్పుడో రాసి వదిలేసినది, ఆస్తిపాస్తులతోపాటు అప్పులూ వచ్చినట్టు మాకు వారసత్వంగా వచ్చింది. అందులో సోనీ మెమరీస్టిక్ సపోర్ట్ ఆన్‌లో ఉంది. మెమరీస్టిక్ దూర్చడానికి మా బోర్డులో రంధ్రమే లేదు. తీసేద్దామని స్పేస్‌బార్ నొక్కాను. కర్సర్ దాని మీద లేదు. కాస్త పైన, ఎంఎంసీ, ఎస్‌డీ కార్డు సపోర్ట్ మీద ఉంది. దాని ముందున్న < > గుర్తులోని నక్షత్రం మాయమైంది. అయ్యో అనుకుని మళ్ళీ నొక్కాను. లోపలికి ఏదో తిరిగొచ్చింది. హమ్మయ్య అనుకుని కిందికి దిగిపోయాను.

తిరిగొచ్చింది నక్షత్రం కాదు. ఎం అనే అక్షరం.

మీ స్పేస్‌బార్ వరస నాకు తెలియనిదా? ఎన్ (ఖాళీ) తర్వాత ఎం (మాడ్యూల్), ఎం తర్వాత వై (నక్షత్రం), వై తర్వాత మళ్ళీ ఎన్. నక్షత్రం మీద ఒకసారి నొక్కితే ఖాళీ, రెండోసారికి ఎం, మూడోసారి నొక్కితేగాని నక్షత్రం రాదు. గుళ్ళో ప్రదక్షిణలు మూడు చేయాలిరా అని మా నాయనమ్మ చెబుతూనే ఉండేది. నేను రెండుతో ఆపేశాను.

ఇంటిపెద్ద ఎం అయ్యాక కింద ఉన్నవాళ్ళెవరూ ఎం దాటి పైకి రాకూడదు. అది మీ చట్టం. కార్డుని డిస్కులా చూపించే డ్రైవరు, మా చిప్పులోని కంట్రోలర్ డ్రైవరు, అందరూ చప్పుడు చేయకుండా ఎంలోకి దిగిపోయారు. బయటికి వస్తుంటే మీరు అడిగింది ఒకే ఒక్క మాట: కొత్త కాన్ఫిగరేషన్ సేవ్ చేయమంటారా? చేయమన్నాను. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమనే రకం మీరు. కట్టేశారు.

కంపైల్ అయింది. ఒక్క ఎర్రర్ లేదు. మాడ్యూళ్ళతో సహా అన్నీ కార్డులోకి ఎక్కించి, సీరియల్ కేబుల్ తగిలించి, పవర్ ఇచ్చాను. కెర్నెల్‌ని లేపే యూ-బూట్ లేచింది, కెర్నెల్ లేచింది, లైన్లు గడగడా పరిగెత్తాయి. చివరి లైను: వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్. అంటే మిగతా సిస్టమంతా ఉన్న కార్డు కోసం చూస్తోంది. అక్కడ ఆగింది.

రూట్‌వెయిట్, అంటే అది దొరికేదాకా ఆగు, అని బూట్ ఆర్గ్యుమెంట్లలో రాసింది కూడా నేనే. అది లేకపోతే కనీసం కెర్నెల్ పానిక్ అని అరిచి చచ్చేది, మనకీ తెలిసేది. ఇది అరవదు. రాముడొస్తాడని శబరి చూసినట్టు చూస్తూ కూర్చుంటుంది. శబరికి రాముడు వచ్చాడు.

ఇక నా తిరుగుడు చూడాలి. ముందు కార్డుని అనుమానించాను. ఇంట్లో ఉన్న ఇంకో రెండు కార్డులు రాసి చూశాను. తర్వాత పవర్ అడాప్టర్‌ని అనుమానించాను. తర్వాత ఎండలో బండి తీసి, మెయిన్ రోడ్డు మీద షాపుకెళ్ళి కొత్త కార్డు కొనుక్కొచ్చాను. కార్డుకీ బోర్డు లోపలి ఈఎంఎంసీ మెమరీకీ నంబర్లు తారుమారయ్యాయేమోనని సున్నా తీసి ఒకటి, ఒకటి తీసి సున్నా పెట్టాను. బోర్డులో ఏమేం ఉన్నాయో రాసుండే డివైస్ ట్రీ తెరిచి ఎక్కడైనా డిసేబుల్డ్ అని ఉందేమోనని లైను లైనూ చదివాను. 2011లో ఆర్మ్ (మా బోర్డు ప్రాసెసర్ జాతి) కోడు గందరగోళం మీద టార్వాల్డ్స్ విసుక్కున్నాక, బోర్డు వివరాలు చాలావరకు ఆ చెట్టెక్కాయి కదా. అప్పట్నుంచి మాకు వెతకడానికి ఒకటి కాదు, రెండు చోట్లు. మీ దగ్గర వై అని, అక్కడ డిసేబుల్డ్ అని ఉంటే డ్రైవరు ఉన్నట్టా లేనట్టా? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను.

నాలుగింటికి అమ్మ టీ తెచ్చింది. "ఏరా, ఇంకా లేవలేదా నీ పెట్టె?"

"లేదమ్మా."

కళ్ళజోడు సర్దుకుని తెర చూసింది. "వెయిటింగ్ అని రాసుంది కదరా. అది ఎదురుచూస్తోంది. నువ్వే ఏదో ఇవ్వకుండా కూర్చున్నావు."

సాయంత్రం ఆరు దాటాక డాట్ కాన్ఫిగ్‌లో వెతికితే దొరికింది. కాన్ఫిగ్ ఎంఎంసీ, ఈక్వల్ టు, ఎం. అమ్మ చెప్పిందే.

మర్యాద ఇక్కడితో చాలు. నిన్నే అడుగుతున్నాను, చెప్పు. ఎం అంటే ఆ డ్రైవరు కెర్నెల్ లోపల ఉండదు, విడిగా ఫైలుగా మాడ్యూళ్ళ ఫోల్డర్లో కూర్చుంటుంది. ఆ ఫోల్డర్ ఎక్కడుంది? ఎస్‌డీ కార్డు రెండో పార్టిషన్లో. కార్డు చదవాలంటే డ్రైవరు కావాలి, డ్రైవరు రావాలంటే కార్డు చదవాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు. పోనీ ఆ కార్డు పాడైందా? పాడైతే కెర్నెల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? రెండు సెకన్ల క్రితం యూ-బూట్ తన సొంత డ్రైవరుతో అదే కార్డు తెరిచి, అదే కార్డులోంచి కెర్నెల్‌ని ఎత్తుకొచ్చి మెమరీలో పడుకోబెట్టింది కదా! పుట్టింటి నుంచి దిగిన మరుక్షణం పుట్టిల్లెక్కడో తెలియదన్న పిల్లలా, కార్డా, ఏ కార్డు, నేనెరగను అంటుందా నీ కెర్నెల్?

నీకు తెలియక కాదు. 2002లో రోమన్ జిప్పెల్ ఈ ఆప్షన్లు రాసే కేకాన్ఫిగ్ భాషని కెర్నెల్లోకి తెచ్చినప్పటి నుంచి, ఏది దేని మీద ఆధారపడిందో నీకు తాతముత్తాతల నుంచీ కంఠతా వచ్చు. డిపెండ్స్ ఆన్ అని రాస్తే రెండు వైపులా పెద్దల్ని అడిగి పెళ్ళి చేస్తావు. సెలెక్ట్ అని రాస్తే ఎవరినీ అడక్కుండా గుళ్ళో దండలు మార్పించి, తర్వాత తీరిగ్గా డిపెండెన్సీలు కుదరలేదని వార్నింగ్ ఇస్తావు. ఇన్ని సంబంధాలు తెలిసినవాడివి, కార్డు డ్రైవరుని ఇంట్లోంచి గెంటేస్తుంటే ఒక్క ముక్క అడగలేవా? అటారీ గురించి అడగడానికి నోరొచ్చిందే! మెమరీస్టిక్ దాచుకోవడానికి చోటుందే! అయిదు గంటలురా. కూర చల్లారిపోయింది. వంకాయలు ముడుచుకుపోయాయి. నాలుగు వందలు పెట్టి కొన్న కార్డు ఇప్పుడు దేనికి? ఇవ్వగలవా తిరిగి?

పైగా నీ దస్తావేజు రాత ఒకటి. ప్రపంచమంతా హ్యాష్ గుర్తు పెట్టిన లైనుని పట్టించుకోనక్కర్లేదంటే, నీ దగ్గర మాత్రం హ్యాష్ పెట్టి ఈజ్ నాట్ సెట్ అని రాస్తే అది శాసనం. కామెంటే కదా అని చెరిపేస్తే, అసలు జవాబే చెప్పలేదని మళ్ళీ మొదటికొస్తావు. ఇంక ఆర్కిటెక్చర్ ఆర్మ్ అని చెప్పడం మర్చిపోయి నిన్ను పిలిచిన రోజు సంగతి సరేసరి. మామూలు పీసీల జాతి ఎక్స్86 తలుపు తీసి, నా ఆర్మ్ ఆప్షన్లన్నీ ఊడ్చేసి, పైన మూలన ఎక్స్86 అని చిన్న అక్షరాల్లో రాసి ఊరుకున్నావు. పాత కాపీ ఓల్డ్ అనే పేరుతో దాస్తావట. ఖంగారులో రెండోసారి సేవ్ కొట్టానంటే ఆ ఓల్డ్ కూడా కొత్త చెత్తే.

సరే. నీ వైపు నుంచి కూడా ఒక మాట ఉందని తెలుసు. రూట్ ఫైల్‌సిస్టమ్ కార్డు మీదుందో, నెట్‌వర్క్ మీదుందో, కెర్నెల్‌తోపాటే మెమరీలోకెక్కే ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఉందో నీకెవరు చెప్పారు? అది రాసింది యూ-బూట్ ఆర్గ్యుమెంట్లలో, నీ ముఖాన కాదు. కార్డు డ్రైవరుని ఎంగా పెట్టుకుని హాయిగా బతికే బోర్డులూ ఉన్నాయి. ఒప్పుకుంటున్నాను, కానీ కోపం తగ్గలేదు.

అమీర్‌పేటలో ఎంబెడెడ్ కోర్సు చేసిన రోజుల్లో మా సార్ ఒకటే మాట అనేవారు: "బాబూ, మెనూకాన్ఫిగ్‌లో తెలియనిది ముట్టుకోకు, తెలిసింది అసలే ముట్టుకోకు." నవ్వేవాళ్ళం. నలుగురికి ఒక బోర్డు, నా వంతు రాత్రి ఎనిమిదింటికి వచ్చేది. ఒక రోజు జనరల్ సెటప్‌లో లోకల్ వెర్షన్ అనే గడి కనిపిస్తే, ఊరికే డాష్ తెనాలి అని రాశాను. కంపైల్ చేసి, బోర్డు లేపి, యూనేమ్ అనే కమాండ్ కొడితే కెర్నెల్ వెర్షన్ పక్కన మా ఊరి పేరు. తెల్లవార్లూ నిద్రపట్టలేదు. ఆ తెర ఫోటో తీసి అమ్మకి పంపితే, మన ఊరి పేరు అందులో ఎవరు రాశారురా అని అడిగింది. నేనే అన్నాను. నువ్వు రాయనిచ్చావు. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. అప్పుడు అడగనందుకు సంతోషించినవాణ్ని, ఇవాళ అడగలేదని తిడుతున్నాను.

ఇప్పుడు కంపైల్ మళ్ళీ నడుస్తోంది. ఈసారి స్పేస్‌బార్ జోలికి పోలేదు, వై అక్షరం మీదే వేలు పెట్టి నొక్కాను. చల్లారిన గుత్తివంకాయతోనే ఈ ఉత్తరం ముగిస్తున్నాను. చల్లగా కూడా బాగానే ఉంది, ఆ మాట నీకు చెప్పడం ఇష్టం లేదు గాని.

ఇట్లు,
రెండు ప్రదక్షిణలతో ఆపేసిన
నీ పాత ఖాతాదారు

తా.క.: బూట్ అయింది! తొమ్మిది సెకన్లు. లాగిన్ వచ్చింది, యూనేమ్‌లో తెనాలి కూడా వచ్చింది. ఈథర్‌నెట్, అంటే నెట్‌వర్క్ పోర్టు, రాలేదు. పొద్దున టీఐ (మా చిప్పు చేసిన కంపెనీ) సీపీఎస్‌డబ్ల్యూ స్విచ్ సపోర్ట్ అని కనిపిస్తే, మన బోర్డుకున్నది ఒక్కటే పోర్టు, స్విచ్ ఎందుకు, దండగ అని నేనే తీసేశాను. ఆ ఒక్క పోర్టూ ఆ చిప్పులోని స్విచ్‌లోంచే వస్తుందట. హెల్ప్ నొక్కి చూశాను. ఇది టీఐ వారి ఈథర్‌నెట్ స్విచ్‌ని సపోర్ట్ చేస్తుంది అని రాసుంది.