న్యూరోసైన్స్ సెమినార్ గారికి, నల్లగొండ నుంచి

అయ్యా జాతీయ సెమినార్ గారూ,

దండాలు. మీరొస్తున్నారంటే నెల ముందు నుంచే డిపార్ట్‌మెంట్‌లో హడావుడి. ఫ్లెక్సీ మీద నాడీకణం బొమ్మ ఒక మూలన చిన్నగా, అతిథుల ఫొటోలు నిండుగా. పొద్దున పదింటికి మొదలవ్వాల్సిన మీరు, ముఖ్య అతిథి కారు చౌటుప్పల్ దాటిందా, నార్కట్‌పల్లి దగ్గరికొచ్చిందా అని ఫోన్లు నడిచి నడిచి పన్నెండింటికి మొదలవుతారు. ఆ తర్వాత జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు. మెదడు అన్న మాట వినపడేసరికి భోజనాల వేళ.

బగారా అన్నం, చికెన్ తిన్నాక అసలు సెషన్ పెడతారు చూడండి, దానికి మిమ్మల్ని మెచ్చుకోవాల్సిందే. మధ్యాహ్నం రెండు మూడింటికి ఒంట్లోని గడియారమే మగత తెస్తుంది, తిన్నా తినకపోయినా. పొద్దుటి నుంచి మెదడులో పోగైన అడినోసిన్ అనే నిద్ర తెచ్చే రసాయనం దానికి తోడు. ఆ అడినోసిన్ వెళ్లి అతుక్కునే రిసెప్టార్లకు అడ్డుపడేది చాయ్‌లోని కెఫీన్. ఆ చాయ్ మీరు అంతా అయ్యాక, నాలుగింటికి పోస్తారు. ఫిజియాలజీని ఇంత శ్రద్ధగా తలకిందులు చేసి అమలుపరిచేవాళ్లను నేనింకా చూడలేదు.

స్లైడ్లలో ముందు స్క్విడ్ రావాలి, అది ఆచారం. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఆ సముద్ర జీవి నరం మీదే విద్యుత్ సంకేతం ఎలా నడుస్తుందో సమీకరణాలతో సహా తేల్చారు. ఆ నరపు పోగు మందం ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది కాబట్టి లోపలికి తీగ దూర్చగలిగారు, 1963లో నోబెల్ వచ్చింది. గొప్ప పనే, కాదనను. కానీ సముద్రం లేని జిల్లాలో మాకు ఏటా అదే స్క్విడ్, అదే స్లైడ్, ముందు వరుసకు కూడా కనపడని అక్షరాలు, "టైమ్ లేదు కాబట్టి నెక్స్ట్".

ఇక ప్రశ్నలు. నాడీవ్యవస్థ అంతా ఒకటే అల్లిక అని గోల్జీ, కాదు విడివిడి కణాలని కహాల్. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే, గోల్జీ ఆ ప్రసంగంలోనే కహాల్ వాదం మీద విరుచుకుపడ్డాడు. మీ దగ్గర పీహెచ్‌డీ చేసే పిల్ల చెయ్యి లేపితే చాలు, గైడ్ గారు వెనక్కి తిరిగి ఒక చూపు చూస్తారు. అయినా పోయినసారి ఒకమ్మాయి అడిగేసింది: "సార్, మన ఫ్లోరోసిస్ పేషెంట్లకు కాళ్లు పడిపోతున్నయి కదా, వాళ్ల వెన్నుపాము మీద ఎవరన్నా చేస్తున్నరా?" జవాబు: "గుడ్ క్వశ్చన్. టీ బ్రేక్‌లో మాట్లాడుకుందాం." మాట్లాడుకోలేదు, అప్పుడు గ్రూప్ ఫొటో ఉంది.

లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏళ్ల తరబడి దాన్ని బాగా మించి తాగితే ఫ్లోరోసిస్ ముదురుతుంది: ఎముకలు గట్టిపడతాయి, వెన్నెముకను పట్టి ఉంచే లిగమెంట్లు కూడా ఎముకలా మారతాయి, వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది, వెన్నుపాము నలుగుతుంది. పిండిన చోటు నుంచి కిందికి కాళ్లు బిగుసుకుపోతాయి, స్పర్శ పోతుంది. ఇది న్యూరోసైన్స్ కాదా అండీ? పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి మా ఊరి పేరే పెట్టింది, నల్లగొండ టెక్నిక్ అని. నీళ్ల ఇంజినీర్లకు మా జిల్లా తెలుసు, నరాల సెమినార్‌కు మాత్రం స్క్విడ్ దాటి తెలియదు. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయంటారా, రానీయండి, సంతోషమే. ముందే వంగిపోయిన నడుములు ఆ నీళ్లతో లేవవు.

అందుకని వచ్చేసారి మా జిల్లాలోని మర్రిగూడ వైపు నుంచి ఫ్లోరోసిస్ పట్టిన ఒక పెద్దాయనను మొదటి స్పీకర్‌గా పిలవండి. స్లైడ్లు అక్కర్లేదు, టీఏ డీఏ మాత్రం అందరికిచ్చినట్టే ఇవ్వండి. టెంట్ హౌస్ వాళ్లకు ఇప్పుడే చెప్పి పెట్టుకోండి, స్టేజీకి మెట్లు వద్దని. ఆయన మోకాళ్లు వంగవు.

ఇట్లు,
చివరి వరుసలో ఫ్యాన్ కింద కూర్చునేవాడు