కొత్త చొక్కా పీతలు

పెళ్లయి మూడేళ్లయినా అత్తారింట్లో నాకు చేపల మార్కెట్ పని అప్పజెప్పలేదు. హైదరాబాద్ మనిషికి పీతల సంగతేం తెలుస్తుందని భీమవరంలో వాళ్ల నమ్మకం. మొన్న ఆదివారం ఎవరూ లేవకముందే సంచి పట్టుకుని బయల్దేరాను.

గంపలో మండపీతలు రెండు రకాలున్నాయి. కొన్ని గీతలు పడి, పాచి పట్టి, పొట్ట కింద మాసిపోయి, మా నాన్న పాత స్కూటర్‌లా ఉన్నాయి. కొన్ని మాత్రం షోరూమ్ నుంచి దిగినట్టు తళతళలాడుతున్నాయి. "పాతవి నాకొద్దమ్మా, ఇవి తూచు" అన్నాను. ఆమె నా మొహంలోకి ఓసారి చూసి, "కొత్తవే బాబూ, మీ ఇష్టం" అంది. అడక్కుండానే కిలోకి యాభై తగ్గించింది. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

పెరట్లో అత్తగారు డిప్ప విప్పితే నీళ్లు. రెండోది విప్పితే నీళ్లు. నాలుగోదానికి బిందె తెమ్మంటారేమోనని భయపడ్డాను.

రొయ్యల చెరువులు చేసే మా బావమరిది ఒకదాన్ని వేలితో నొక్కాడు. అట్టముక్కలా లోపలికి దిగింది. "ఇవి ఈమధ్యే డిప్ప వదిలాయి బావగారూ!"

డిప్ప సాగదట. పీత పెరగాలంటే విప్పెయ్యడమే దారి. లోపల మెత్తటి కొత్త డిప్ప తయారుచేసుకుని, పాతదాన్లోంచి కొంత కాల్షియం ఒంట్లోకి లాక్కుని, వెనకవైపు నుంచి బయటికొస్తుంది. కాళ్ల తొడుగులు, కంటిపొర, ఆఖరికి పొట్ట లోపలి పొర కూడా వదిలేస్తుంది. (తడిసిన బనీను విప్పడానికే నాకు ఇంకో మనిషి కావాలి.) రాగానే నీళ్లు తాగి ఉబ్బుతుంది, గట్టిపడ్డాక సైజు పెంచే వీల్లేదు కదా. తర్వాత నీళ్లలోని కాల్షియం పీల్చి, సుద్దముక్కలో ఉండే కాల్షియం కార్బొనేట్‌నే డిప్పలో పేర్చుకుంటుంది. డిప్ప రోజుల్లో గట్టిపడుతుంది, కండ నిండటానికి మాత్రం వారాలు పడుతుంది.

"మా వనామీ రొయ్యలు కూడా అంతే. మెత్తగా ఉన్నప్పుడు పట్టి అమ్మితే రేటు కోసేస్తారు. మినరల్స్ చల్లి ఆగుతాం" అన్నాడు. రేటు కోసినా నేను కొనుక్కొచ్చానని మాత్రం అనలేదు, మర్యాదస్తుడు.

"పోన్లెండి అల్లుడుగారూ, పులుసుకి వేరే నీళ్లు పొయ్యక్కర్లేదు" అన్నారు అత్తగారు.

సాయంత్రం చూస్తే మార్కెట్ సంచి అటక మీదికి చేరింది. నిచ్చెన మావగారి గదిలో ఉంది.